పుల్లురువి పిట్టకు వేసిన మార్కులు

ఎర్ర పెన్ను పట్టుకునే పుట్టానని మా ఇంట్లో నన్ను ఎగతాళి చేస్తారు. పెళ్లి పత్రిక వస్తే అందరూ ముహూర్తం చూస్తారు, నేను తప్పులు చూస్తాను. ఒకసారి మా చిన్నాన్న కూతురి పెళ్లి పత్రికలో మండపం పేరు తప్పు పడిందని సున్నా చుట్టి, పక్కన సరైన పేరు రాసి, ఆ పత్రికనే టీవీ పక్కన నిలబెట్టాను. పెళ్లికూతురి తల్లి మా ఇంటికి వచ్చి అది చూసింది. కాఫీ తాగి లేచి వెళ్లింది. ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఏళ్లుగా జువాలజీ చెబుతున్నాను. చెప్పిన పాఠాల కంటే దిద్దిన పేపర్లే ఎక్కువ.

ఇప్పుడు నా చేతిసంచిలో ఎర్ర పెన్ను లేదు. దిద్దాల్సి వస్తే పక్క టీచరమ్మను అడిగి తీసుకుంటాను, పని కాగానే ఇచ్చేస్తాను. ఆ పెన్నుతో నేను చేసిన పని ఒకటి ఉంది. అది రాయకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు.

మాది రాజపాళయం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బళ్లో అరవం చదువుతాం. మాలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. నాకు వచ్చాయంటే తిరుపతిలో ఎమ్మెస్సీ చదివిన రెండేళ్లలో హాస్టల్ స్నేహితురాళ్లు నేర్పిన పుణ్యం. నా మాట విని వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు, ఆ తర్వాత పలక మీద అక్షరాలు దిద్దించేవాళ్లు. మా తమ్ముడికి ఆ అవకాశం రాలేదు. వాడు తెలుగు మాటల్ని అరవ అక్షరాల్లో రాసేవాడు. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, నేను చెప్పబోయేది వాడు అలా రాసిన ఒక నోటుబుక్కు గురించి.

వాడు నాకంటే ఏడేళ్లు చిన్న. బళ్లో వాడికి ఏదీ ఎక్కేది కాదు. సాయంత్రాలు వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి నేనే చదివించేదాన్ని. నా దగ్గర ఒకటే చట్టం. తప్పు రాస్తే, సరైన జవాబు పదిసార్లు రాయాలి. వాడు ముందు మార్జిన్‌లో ఒకటి నుంచి పది దాకా అంకెలు నిలువుగా వేసుకునేవాడు. అంకెలు పడ్డాయంటే పని సగం అయిపోయినట్టే వాడికి. తర్వాత ఒక్కో అంకె పక్కన, నాలుక బయటపెట్టి, బండెద్దులాగా లాగి లాగి రాసేవాడు. ఏడ్చిన రోజులు ఉన్నాయి గానీ పదీ పూర్తి చేయకుండా లేచిన రోజు లేదు. అమ్మ జాలిపడి ఐదు చాలులేవే అంటే వాడే ఒప్పుకునేవాడు కాదు. అక్క చెప్పింది పది, అంతే.

ఎంత రాయించినా ప్లస్ టూ గట్టెక్కలేదు. సత్రపట్టిలో ఒక బేండేజీ గుడ్డ మగ్గాల వాళ్ల దగ్గర పనికి చేరాడు. కట్లు కట్టే పలచటి గుడ్డ నేసే ఊరు అది. వాడి పని నేత కాదు, అమ్మకం. శాంపిల్ సంచి భుజాన వేసుకుని రైల్లో ఉత్తరాదికి పోయేవాడు. మందుల షాపులకు, ఆస్పత్రులకు గుడ్డ చూపించి ఆర్డర్లు తెచ్చేవాడు. ఏడాదిలో సగం అలా తిరుగుడు, మిగతా సగం కొండ కింద మాకున్న రెండెకరాల మామిడితోపులో. పెళ్లయింది, పిల్లలు లేరు. మా మరదలు కూడా వాడితోపాటు తోపు పని చేసేది.

ఆ తోపులో వాడు పిట్టలు చూడటం మొదలుపెట్టాడు. నేను మా కాలేజీలో పక్కన పడేసిన బైనాక్యులర్ ఒకటి ఇచ్చాను. ఒక కన్ను మసక. వాడు రెండో కన్నుతోనే చూసేవాడు. అన్ని పిట్టల్లోకి వాడికి నచ్చింది ఏ రంగూ లేని, బొటనవేలంత పిట్ట ఒకటి.

దాని గురించి కొంచెం చెప్పాలి. మామిడిచెట్టుకు పట్టే బదనికను మా వైపు పుల్లురువి అంటారు. దానికి నేలలో వేరుండదు. మామిడి కొమ్మలోకే వేరు దించి, కొమ్మ తాగాల్సిన నీళ్లు తను తాగుతుంది. దాని పండు లోపల గింజ చుట్టూ జిగురు. ఈ చిన్న పిట్ట ఆ పండు మింగి, జిగురు గింజను వదిలించుకోలేక, ఒళ్లు కొమ్మకేసి రుద్దుకుంటుంది. గింజ అక్కడే అంటుకుని మొలుస్తుంది. అంటే తోపులో చీడ నాటేది అదే. అందుకే మేం దాన్ని పుల్లురువి పిట్ట అంటాం. ఇంగ్లీషు పుస్తకాల్లో ఫ్లవర్‌పెక్కర్. కాపు అయిపోయాక తోపులవాళ్లందరూ తొరట్టి, అంటే పొడుగు కర్రకు కట్టిన కొడవలి, పట్టుకుని పుల్లురువిని కోసి పారేస్తారు. మా తమ్ముడూ కోసేవాడు. కానీ కొండవైపు మూలనున్న, చప్పట్టె అనే రకం మామిడిచెట్టు ఒక్కదాన్ని మాత్రం ముట్టుకునేవాడు కాదు. ఆ చెట్టు నిండా పుల్లురువి పెరిగి, కాయ కాయడం మానేసింది. పక్క తోపువాళ్లు వాడికి పిచ్చి అనేవాళ్లు. పైగా సత్రపట్టి నుంచి తెచ్చిన గుడ్డ అంచుల దారపు పోగులు ఆ చెట్టు కింది కొమ్మలకు వేలాడదీసేవాడు. పిట్ట గూడు కట్టుకోవడానికి.

"తోపును పెంచేదానికి ఉండావా, చీడను పెంచేదానికా?" అని అడిగాను ఒకసారి.

"ఒక చెట్టు దా అక్కా. దానికీ ఏదో ఒక వీడు ఉండాల కదా," అన్నాడు. వీడు అంటే మా మాటలో ఇల్లు. దా అన్నది నొక్కి చెప్పడానికి.

ఆ పిట్టల కుటుంబం గురించి నేను క్లాసులో ఇష్టంగా చెప్పేదాన్ని. దక్షిణాసియా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉండే చిన్న కుటుంబం అది. ఒకప్పుడు, ఒళ్లు పొట్టి, తోక పొట్టి, ముక్కు పొట్టి అని చూసి, ఆస్ట్రేలియాలో ఉండే చుక్కల పిట్టల్ని కొన్నిటిని కూడా వీటిలోనే కలిపారు. తర్వాత జన్యువులు చూసి, మీరు మావాళ్లు కాదని పంపించేశారు. న్యూగినీలో పండ్లు తినే చిట్టి పిట్టలు కొన్ని అలాగే వచ్చి అలాగే వెళ్లాయి. మిగిలినవాటికి దగ్గరి చుట్టాలు తేనెపిట్టలని తేల్చారు. మా ఊరి పిల్లలకు ఈ పాఠం ఇట్టే ఎక్కుతుంది. ఎవరు ఏ కోట్టైవాళ్లు, అంటే ఊళ్లో ఏ పేటవాళ్లు, ఎవరి ఇంటిపేరు ఏది, ఎవరు ఎవరికి ఏ వరస అన్నది మాకు నడక వచ్చేలోపే వస్తుంది. జాబితాలు మారుతుంటాయి, శాస్త్రమంటే అదే, అని ఏటా చెప్పేదాన్ని. చెప్పడం వరకే. నా బీరువాలో ఉన్న పుస్తకం మాత్రం మారదని నమ్మాను.

తమ్ముడు ఈ పాఠం మా ఇంటి అరుగు మీద కూర్చుని విన్నాడు, జిలేబీ తింటూ.

"అది యెవరు తీర్మానిస్తారు అక్కా? ఇది ఈ జాతి, అది ఆ జాతి అని?"

"చదువుకున్నోళ్లు."

"చూసినోళ్లు కాదా?"

"చూసి, చదువుకున్నోళ్లు. నీ మాదిరి చూసి ఊరుకున్నోళ్లు కాదు."

వాడు తలూపాడు. నేను ఏమన్నా వాడికి కోపం వచ్చేది కాదు. అదే నాకు చెడ్డ అలవాటు చేసింది.

ఒకరోజు పొద్దున్నే సిలిగురి నుంచి ఫోన్ చేశాడు. గుడ్డ ఆర్డర్ల కోసం వెళ్లి, నాలుగు రోజులుగా అక్కడే లాడ్జిలో ఉన్నాడు.

"అక్కా, ఈడ లాడ్జి వెనక ఒక చెట్టు ఉండాది. దాంట్లో పుల్లురువి. దాంట్లో మన పిట్ట."

"సంతోషం. దానికేమి ఇప్పుడు?"

"ఆనా ఇది మనది కాదక్కా. మనదానికి కంటి మీద తెల్లంగ ఒక గీత ఉండాది కదా, దీనికి అది లేదు. వీపు పచ్చంగ ఉండాది. మనది మట్టి కలరు. గొంతు కూడ వేరె. మూడు దినాలుగ చూస్తా ఉండాను."

"నువ్వు గుడ్డ అమ్మేదానికి పొయ్యినావా, పిట్టల్ని చూసేదానికి పొయ్యినావా?"

"రెండిటికీ దా."

"ఒరే, పుస్తకంలో ఉండాది. మన కొండల్లోదీ, ఆ హిమాలయం కిందదీ రెండూ ఒకటే జాతి. ఊరు మారితే కలరు కొంచెం మారుతాది. నువ్వు ఎండలో తిరిగి నల్లబడితే వేరె జాతి అయిపోతావా?"

వాడు గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాట నాకు ఎంత బాగా నచ్చిందంటే, మరుసటి రోజు స్టాఫ్ రూములో కూడా చెప్పి నవ్వించాను.

తర్వాత వాడు ఒక ఏడాది పాటు ఆ సంగతి ఎత్తలేదు. మరోసారి సిలిగురి వెళ్లి వచ్చాడని మాత్రం తెలుసు. మామిడికాయల కాలంలో ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, ఒక గోనెసంచి కాయలు వంటింట్లో దించి, చొక్కా లోపలి నుంచి ఒక నోటుబుక్కు తీసి నా బల్ల మీద పెట్టాడు. గీతల నోటుబుక్కు, చిన్నపిల్లలు వాడేది. అప్పుడు నా బల్ల మీద యూనివర్సిటీ పేపర్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. దిద్దడానికి గడువు దగ్గర పడింది.

"తీరిగ్గా చూడక్కా. అవసరం లేదు," అన్నాడు. మా మాటలో అవసరం అంటే తొందర.

వాడు వంటింట్లో మజ్జిగ తాగి వచ్చేలోపల నేను చూసేశాను. అదే నా తొందర, అదే నా గర్వం. పద్దెనిమిది పేజీలు. అరవ అక్షరాలు, తెలుగు మాటలు. ఏ చెట్టు, ఏ కొమ్మ, ఏ పొద్దు, ఎన్ని పిట్టలు. ఎడమ పేజీలో మన పిట్ట, కుడి పేజీలో సిలిగురి పిట్ట, కలర్ పెన్సిళ్లతో. మన పిట్ట వీపుకు మట్టిరంగు రుద్ది రుద్ది కాగితం గరుకైంది. కంటి మీది గీత కోసం తెల్ల పెన్సిల్ పనికిరాక, అక్కడ రంగు వేయకుండా సన్నగా కాగితాన్ని వదిలేశాడు. పిట్ట కూసే గొంతు ఎలా ఉంటుందో కూడా అక్షరాల్లో రాసుకున్నాడు. చివరి పేజీలో రెండే వాక్యాలు. "మన కొండ పిట్టా సిలిగురి పిట్టా ఒకటే జాతి కాదని నా మనసుకు తోచుతాది. అక్క చూసి చెప్పాల."

నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. అంతకుముందే ఎవరో ఆడపిల్ల పేపరు మీద ఆడుతున్న పెన్ను అది. ఆ రెండు వాక్యాల మీదా అడ్డంగా గీత కొట్టాను. కింద "తప్పు. రెండు పిట్టలూ ఒకటే జాతి" అని అరవంలో రాశాను. దాని పక్కన పదికి మూడు వేశాను. రాతకు ఒకటి, బొమ్మలకు రెండు.

వాడు వచ్చి చూశాడు. "మూడేనా అక్కా?" అన్నాడు, నవ్వుతూనే.

"పాసు కావాలంటే ఇంపొజిషన్ రాసుకుని రా. పదిసార్లు."

"సరి అక్కా," అని నోటుబుక్కు మళ్లీ చొక్కా లోపల పెట్టుకున్నాడు. వాకిట్లో బండి స్టార్ట్ చేస్తూ వెనక్కి తిరిగి, "ఒక్క తడవ తోపుకు రాక్కా. ఆ చెట్టు కింద కూచుంటే నువ్వే చూస్తావు," అన్నాడు. పేపర్లు అయిపోనీరా, వస్తాను, అన్నాను.

పేపర్లు అయిపోయాయి. అడ్మిషన్లు వచ్చాయి. తర్వాత ప్రాక్టికల్స్. మా ఇంటి నుంచి తోపుకు ఎంత దూరమనుకున్నారు? టౌన్ బస్సులో అరగంట, దిగాక పది నిమిషాల నడక. రెండు కాపులు వచ్చి పోయాయి, నేను వెళ్లలేదు. కాయలు మాత్రం ఏటా నా ఇంటికి వచ్చాయి. వాడు మళ్లీ ఆ పిట్ట మాట ఎత్తలేదు. హమ్మయ్య, వీడికి తెలిసొచ్చింది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఆ తర్వాతి ఏడు వాడికి కడుపునొప్పి మొదలైంది. మొదట అజీర్తి అన్నారు, తర్వాత పుండు అన్నారు, మదురైలో పెద్దాస్పత్రిలో కోసి చూసి, మళ్లీ కుట్టేశారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. చదువుకున్నదాన్నని నన్నే పిలిచాడు. నేను నిలబడి అంతా విని, మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగి, బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆస్పత్రిలో ఒక పూట నర్సు కట్టు మారుస్తోంది. వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆమె కొత్త గుడ్డ పరిచేటప్పుడు దాని అంచు వాడి వేళ్లకు తగిలింది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని ఒక్కసారి రుద్ది, కళ్లు తెరవకుండానే అన్నాడు. "అక్కా, ఇది మన సత్రపట్టి గుడ్డ. ముట్టితే తెలుస్తాది నాకు."

నర్సుకు అరవంలో చెప్పాను. ఆమె అట్టపెట్టె తిప్పి చూసి, ఆమాం, సత్రపట్టిదే, అని ఆశ్చర్యపోయింది. నాకు ఆశ్చర్యం వేయలేదు. గుడ్డ విషయంలో వాడి మాట నేను ఎన్నడూ అనుమానించలేదు. ఒకేలా కనిపించే తెల్లగుడ్డలు వంద పెడితే ఏది ఏ ఊరి నేతో విడదీసి చెప్పగలిగిన మనిషి వాడు. వాడి వేళ్లను నమ్మాను. వాడి కళ్లను ఎందుకు నమ్మలేదు? దీనికి నా దగ్గర జవాబు ఉంది. గుడ్డ నా సబ్జెక్టు కాదు.

కట్టు అయ్యాక నర్సు వెళ్లిపోయింది. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. వాడు నా వైపు తల తిప్పి, "అక్కా, ఆ పిట్ట ఇంగా ఒకటే జాతినా?" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది ఏ పిట్టో. ఆ క్షణంలో నేను ఏం ఆలోచించానో కూడా బాగా గుర్తుంది. పోయే మనిషికి అబద్ధం చెప్పకూడదు అనుకున్నాను. వాడిని సంతోషపెట్టడానికి వేరే జాతి అని ఒక్క మాట అనొచ్చు, కానీ అది నా చదువుకు తగదు అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"ఒకటే రా," అన్నాను.

"సరి అక్కా," అన్నాడు.

తర్వాత పదకొండు రోజులకు వాడు పోయాడు.

పదహారో రోజు కర్మ అయిపోయాక నేను కాలేజీకి వెళ్లాను. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉంది. ఎమ్మెస్సీ పిల్లల సెమినార్లు జరుగుతున్నాయి. మంసాపురం నుంచి వచ్చే అమ్మాయి ఒకతి, వాళ్ల ఇంట్లోనూ తెలుగే, మన పడమటి కనుమల్లో తప్ప ఇంకెక్కడా లేని పక్షుల గురించి చెప్పడానికి ఒక జాబితా రాసుకుని నా దగ్గరికి తెచ్చింది. నేను పెన్ను తీశాను. నాలుగో పేరు దగ్గర ఆగి సున్నా చుట్టాను. నీలగిరి ఫ్లవర్‌పెక్కర్ అని రాసి ఉంది అక్కడ.

"ఇది వేరే జాతి కాదమ్మా. ఉత్తరాదిలో ఉండేదీ ఇదీ ఒకటే."

"ఇల్ల మిస్, వేరె దా," అంది.

"యెవరు చెప్పినారు?"

ఆ పిల్ల భయపడుతూ ఫోన్ తీసి చూపించింది. ఒక జాబితా కాదు, రెండు మూడు. "ముందు ఒకటే అని ఉండినారు మిస్. తరువాత విడదీసినారు. ఇది ఇప్పుడు కాదు మిస్, నేను బడికి పొయ్యేదానికి ముందే." తర్వాత తన కాగితంలోంచి చదివింది. దక్షిణాది పిట్టకు వీపు మట్టిరంగు. ఉత్తరాది దానికి పచ్చన. కంటి మీద తెల్లటి గీత దీనికి ఉంది, దానికి లేదు. గొంతు వేరు.

ఆ మాటలు నేను అంతకుముందే చదివాను, అరవ అక్షరాల్లో, మజ్జిగ తాగినంత సేపట్లో.

ఆ పిల్లను పంపించేసి బీరువా తెరిచి నా పుస్తకం తీశాను. నేను ఉద్యోగంలో చేరకముందే అచ్చయిన పుస్తకం. ముప్పై ఏళ్లుగా దాన్నే చూసి చెబుతున్నాను. వాడు సిలిగురి నుంచి ఫోన్ చేసిన నాటికే, వాడు నోటుబుక్కు తెచ్చిన నాటికే, నేను గీత కొట్టిన నాటికే, ఆ రెండు పిట్టలూ వేరని తేలిపోయి ఉంది. తెలుసుకోవడానికి నా చేతిసంచిలో ఫోన్ ఉంది. ఐదు నిమిషాల పని. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని, చేతిలో అదే ఫోన్ పెట్టుకుని, ఒకటే రా అన్నాను. అబద్ధం చెప్పకూడదని చెప్పిన మాటే అబద్ధమైంది.

వాడు కొత్తగా ఏదీ కనిపెట్టలేదు, అది నాకు తెలుసు. పెద్దవాళ్లు ముందే కనిపెట్టారు. కానీ ఒక్క పుస్తకమూ తెరవకుండా, మసక బైనాక్యులర్‌తో, రెండు ఊళ్ల మధ్య గుడ్డ మోస్తూ వాడు అదే సంగతి పట్టుకున్నాడు. నువ్వు చూసింది నిజం రా అని వాడికి చెప్పడానికి లోకంలో ఇంకెవరూ లేరు. వాడు అడిగింది నన్నే. రెండుసార్లు అడిగాడు.

మర్నాడు సెలవు పెట్టి వాడి ఇంటికి వెళ్లాను. మా మరదలు వాకిట్లో నిలబడి ఉంది, చేతిలో తోపు గేటు తాళం.

"ఆ నోటుబుక్కు ఉండాదా? పిట్టలది?" అని అడిగాను.

"ఉండాది వదినా. ఆయన తలకాడ దా పెట్టుకోనుండినారు." లోపలికి వెళ్లి తెచ్చి నా చేతిలో పెట్టింది. "పుల్లురువి కోసేదానికి కూలీ ఆళ్లు వచ్చినారు ఈ పొద్దు. నేను తోపుకు పోవాల. మీరూ వస్తారా?"

వస్తానన్నాను. ఇద్దరం బస్సెక్కి, దిగి, నడిచాం. పది నిమిషాల నడకే, నేను లెక్క పెట్టాను.

కొండవైపు మూలలో ఆ చప్పట్టె చెట్టు ఉంది. మామిడాకులు తక్కువ, పుల్లురువి ఎక్కువ. కింది కొమ్మలకు కట్టిన గుడ్డ పోగులు ఎండకు వానకు రంగు తిరిగి ఇంకా వేలాడుతున్నాయి. తొరట్టి పట్టుకున్న మనిషి నా దగ్గరికి వచ్చి, ఈ చెట్టూ కోసేయమంటారా అని అరవంలో అడిగాడు. తంబి ఉన్నప్పుడు దీన్ని ముట్టనిచ్చేవాడు కాదు, ఇప్పుడు ఆయన లేడు కదా అన్నాడు. వద్దన్నాను. ఆ మనిషి భుజాలెగరేసి పక్క చెట్టుకు వెళ్లాడు.

చెట్టు కింద కూర్చున్నాను. ఎంతోసేపు కాలేదు, పావుగంట ఉంటుందేమో. పిట్ట వచ్చింది. బైనాక్యులర్ కూడా అక్కర్లేకపోయింది, అంత దగ్గర కొమ్మ మీద వాలింది. పండు మింగింది. ఒళ్లు కొమ్మకేసి అటూ ఇటూ రుద్దుకుంది. వీపు మట్టిరంగు. కంటి మీద సన్నగా తెల్లటి గీత, వాడు కాగితం వదిలేసినంత సన్నగా. ఒక పోగు ముక్కున పట్టి లాగింది, రాలేదు, ఇంకోటి లాగింది, దాంతో పైకి ఎగిరిపోయింది. పైన ఆకుల చాటున చేతిసంచిలాగా వేలాడుతున్న గూడు ఉంది. దాని అంచుల్లో సత్రపట్టి తెల్లదారం.

అప్పుడు నోటుబుక్కు తెరిచాను. పద్దెనిమిది పేజీలు అలాగే ఉన్నాయి. చివర నా ఎర్ర గీత, నా తప్పు, నా మూడు. వాడు వాటి మీద ఏమీ రాయలేదు. పేజీ తిప్పాను.

మార్జిన్‌లో అంకెలు నిలువుగా ఉన్నాయి, ఒకటి నుంచి పది దాకా. ఒక్కో అంకె పక్కన వాడి అరవ అక్షరాల్లో అదే వాక్యం. రెండు పిట్టలూ ఒకటే జాతి. రెండు పిట్టలూ ఒకటే జాతి. నలభై దాటిన మనిషి, నేను ఎగతాళికి అన్న మాటకు కూర్చుని రాశాడు. లాగి లాగి, చిన్నప్పటిలాగే. నాకు కళ్లు కనబడలేదు. తుడుచుకుని వేలు పెట్టి లెక్కపెట్టాను. తొమ్మిది ఉన్నాయి. పది అంకె వేసి ఉంది, దాని పక్కన ఏమీ లేదు.

పదీ పూర్తి చేయకుండా వాడు లేచిన రోజు లేదు. మరదలు నా పక్కన కూర్చుని ఆ పేజీ వైపే చూస్తోంది.

"అది ఒకటి దా మిగిలింది వదినా," అంది. "ఎందుకు నిలిపినారని నేను కూడ అడిగినాను. అక్క తోపుకు వస్తాది, ఈ చెట్టు కింద కూచుని చూస్తాది, చూసినాక కూడా ఒకటే అని చెప్తే అప్పుడు రాస్తాను అన్నారు."

నేను తోపుకు వచ్చాను. చెట్టు కింద కూర్చుని చూశాను. పదోది రాయొద్దురా అని చెప్పడానికి వాడు లేడు.